పెట్టె బరువు

గద్వాల పాత బస్టాండు ఎదురుగా మాకు పటాల దుకాణం ఉంది. దేవుళ్ల పటాలు, అద్దాలు, పెళ్లి ఫోటోలు, పోయినవాళ్ల ఫోటోలు. మా నాయన పెట్టింది, ముప్పై ఏళ్లుగా నేను నడుపుతున్నాను. నా పేరు భానుప్రకాశ్. నోరు మంచిది కాదని బజారులో నాకు పేరుంది. ఆ మాట అబద్ధమేమీ కాదు. ఈ నోటి వల్ల ఏం జరిగిందో చెప్పాలనే ఇది రాస్తున్నాను. కానీ ముందు దానియేలు సారు సంగతి చెప్పాలి.

లాక్‌డౌన్ సడలించిన కొత్తలో ఆయన మొదటిసారి మా దుకాణం మెట్లెక్కాడు. సన్నటి మనిషి, కొలబద్దలా నిటారుగా ఉన్నాడు. చంకలో గుడ్డ చుట్టిన పెద్ద బొమ్మ. విప్పి బల్ల మీద పరిచాడు. అంతా నీళ్లు. నీళ్ల చివర బూడిదరంగు ఓడ, పైన మబ్బులు. మనిషన్నవాడు ఒక్కడు లేడు.

"ఏంది సారూ, జూరాల డ్యామా?" అన్నాను.

"సముద్రం, తమ్మీ."

"గద్వాల్ల సముద్రం ఎవరు కొంటరు? లక్ష్మీదేవిని గీయి, వారంల పోతది."

"అమ్మనీకె కాదు. నా గోడకు."

రెండు నెలలకోసారి ఒక బొమ్మ తెచ్చేవాడు. అవే నీళ్లు, అదే ఓడ, ఒకసారి పొద్దున, ఒకసారి సాయంత్రం, ఒకసారి వానలో. బజారంతా ఆయన్ని 'సముద్రం సారు' అని పిలవడం మొదలుపెట్టింది. ఆ పేరు పెట్టింది నేనే. నేను మేకులు కొడుతుంటే స్టూలు మీద కూర్చుని తన సంగతులు ముక్కలు ముక్కలుగా చెప్పేవాడు. వాటినే ఇక్కడ అతుకుతున్నాను.

ఆయనది లింగాల. తండ్రి సామ్యూల్, తల్లి పార్వతమ్మ. ఇద్దరూ మేస్త్రీ పిలిచిన చోటికల్లా పోయి మట్టి మోసిన కూలీలు. పదకొండేళ్లప్పుడు వాళ్ల వెంట ముంబై దగ్గర రేవు కట్టే పనికి పోయాడు. సముద్రాన్ని, ఓడను అక్కడే చూశాడు. సిమెంటు సంచి చింపి, ఆ కాగితం మీద బొగ్గుతో ఓడను గీశాడు. తట్ట మోయకుండా కూర్చున్నాడని మేస్త్రీ చెంప పగలగొట్టి కాగితం చించేశాడట. పని పోతుందన్న భయంతో తండ్రి కూడా మేస్త్రీ ముందే ఇంకో రెండు వేశాడట. "మా నాయన దెబ్బనే గట్టిగుండె" అని చెప్పి నవ్వాడు సారు.

పద్దెనిమిదో ఏట నేవీలో మామూలు సెయిలరుగా చేరాడు. పదిహేడేళ్లు పరీక్షలు రాసి రాసి ఆఫీసరయ్యాడు, లెఫ్టినెంట్ కమాండరుగా రిటైరయ్యాడు. ఆయన గీసిన ఓడలను ఆఫీసర్ల భోజనశాలలో గోడలకు తగిలించారు. ఒక పెద్ద అధికారి భార్య వాటిని చూసి, మీ నాన్నగారు కూడా ఆర్టిస్టేనా అని అడిగిందట. "మా నాయన తట్ట మోసిండు మేడం" అన్నాడట. ఆమె ఆ తర్వాత ఆయనతో మాట్లాడలేదు. ఏదో ఒకటి చెప్పి తప్పించుకోవచ్చు కదా అన్నాను. అబద్ధం నోటికి రాదన్నాడు. ఇది మెచ్చుకోలుగా చెప్పడం లేదు. ఆ గుణమే ఒక ఆడపిల్ల బతుకును నమిలేసింది.

భార్య విశాఖపట్నంలోనే పోయింది, పిల్లలు లేరు. లింగాలలో ఇల్లుండగా గద్వాలలో అద్దె గదెందుకని నేను అడిగితే ఏడాది దాకా జవాబు చెప్పలేదు. చెప్పిన రోజున నా చేతిలో సుత్తి ఆగిపోయింది.

ఆయన పనిచేసిన ఓడలోనే మా గద్వాల పిల్లగాడు ఒకడుండేవాడు. మహిపాల్, ఇంజను గదిలో పని, ఇరవై నాలుగేళ్లు. 2014 జనవరిలో ఆ గదిలో మంట లేచింది. మిగిలినవాళ్లు బయటపడ్డారు, మహిపాల్ బయటపడలేదు. పాలమూరు మనిషని, తెలుగు వచ్చునని, శవపేటికతో దానియేలు సారునే పంపించారు. పెట్టెకు సీలు వేసేముందు అక్కడి ముసలి స్టోరుకీపరు ఒకతను చెవిలో చెప్పాడట, రెండు ఇసుక మూటలు పెడదాం సార్, మరీ తేలికగా ఉంది, ఎత్తినవాళ్లకు తెలిసిపోతుంది అని. సారు ఒప్పుకోలేదు. ఒక తల్లికి కొడుకని చెప్పి ఇసుకను ఇవ్వలేనన్నాడు. ఆ మాట చెప్పినప్పుడు ఆయన గొంతులో ఇంకా కొంచెం గర్వం వినబడింది. నాకు ఒళ్లు మండింది.

ఎందుకంటే ఆ తల్లి ఎవరో నాకు తెలుసు. జోగులమ్మ సీడ్ పత్తి గోదాములో ఇరవై ఏళ్లు గింజల మూటలు ఎత్తిన మనిషి. కాంటా మీద పెట్టకముందే, చేతిలోకి తీసుకుని, ఇన్ని కిలోలు అని చెప్పేస్తుంది. కంపెనీవాళ్లు పందెం కాసి ఓడిపోయేవారు. ఆ రోజు, సారు చెప్పినట్టు, జెండా కప్పిన పెట్టెను లారీ నుంచి దించుతుంటే మగవాళ్లను నెట్టుకుని వచ్చి ఒక మూల కింద తన భుజం పెట్టింది. నాలుగడుగులు వేసి ఆగింది.

"దించుండ్రి. గిండ్ల నా కొడుకు లేడు."

అందరూ ఓదార్చబోయారు. ఆమె ఎవరి మాటా వినలేదు. దానియేలు సారు చొక్కా పట్టుకుంది. "నా కొడుకు డెబ్బై కిలోలుండె. తెరిచి మొకం సూపియ్యి."

"తెరవరాదక్కా. గిండ్ల ఉన్నది మహిపాలే."

"మరి బరువేది?"

తుపాకులు పేల్చారు, దహనం చేశారు. జోగులమ్మ అటు పోలేదు. ఆ రెండు ఇసుక మూటలు ఉంటే ఆ రోజే గుండె పగిలేలా ఏడ్చి ఉండేది, ఆ తర్వాత మెల్లగా తేరుకునేది.

సర్కారు కాగితాలన్నిటిలో మహిపాల్ చనిపోయాడు. ఆ ఇంట్లో మాత్రం చనిపోలేదు. దినాలు చేయలేదు. పెత్తరమాసనాడు ఊరంతా పోయినవాళ్ల పేరున బియ్యం ఇస్తుంటే ఆ ఇంటి నుంచి మహిపాల్ పేరున గింజ కదలలేదు. దసరాకు కొడుకు కొలతలతో కొత్త చొక్కా కుట్టించి ట్రంకుపెట్టెలో దాచేది. ఇందులో నలిగిపోయింది కోడలు శ్రీవాణి. పెళ్లయిన ఏడో నెలలో మొగుడు పోయాడు, అప్పటికి ఇరవై రెండేళ్లు. తల్లిదండ్రులు లేని పిల్ల. నుదుట బొట్టు, చేతుల నిండా గాజులు, కాళ్లకు మెట్టెలతో అత్త కాపలాలో బతికింది. విత్తనం కట్టడానికి సాయంత్రం సీడు పత్తి చేలో ఆడమొగ్గలు గిల్లడం, పొద్దున వాటికి మగపువ్వు తెచ్చి రుద్దడం, ఇంటికి రావడం. రోడ్డు మీద ఎవరితోనైనా నవ్వితే, మొగుడు వచ్చాక ఏం సమాధానం చెబుతావని అత్త అడిగేది.

దానియేలు సారు గద్వాలకు వచ్చింది ఈ ఇంటికోసం. ప్రతి నెలా ఒకటో తారీకున పోయి బయట అరుగు మీద కూర్చునేవాడు. జోగులమ్మ గడప లోపలే ఉండి కాగితం గ్లాసులో నీళ్లిచ్చేది. స్టీలు గ్లాసులు ఆయన కులానికి కావు. దేశం జెండా కింద ముప్పై ఎనిమిదేళ్లు పనిచేసిన మనిషి ఆ కాగితం గ్లాసును తనే తీసుకుపోయి మోరీలో పారేసేవాడు. ఆమె ప్రతిసారీ ఒకటే అడిగేది, బరువేది సారూ అని. ఆయన తలవంచుకుని లేచి వచ్చేవాడు.

2022లో శ్రీవాణికి ఒక దారి కనిపించింది. వనపర్తి నుంచి విత్తనాల కంపెనీ తరఫున చేలు చూడ్డానికి వచ్చే చంద్రశేఖర్, భార్య పోయిన మనిషి, చేసుకుంటానన్నాడు. శ్రీవాణి సరేనంది. అతని తల్లి ఒకటే మాట చెప్పింది. ముండమోసిన పిల్లయితే నాకేం అభ్యంతరం లేదు, ఇంకొకరి పెళ్లాన్ని మాత్రం ఇంటికి తెచ్చుకోను, అత్త తన చేత్తో కొడుకు ఫోటోకు దండ వేసిననాడు రండి అంది. గడువు ఉగాది.

శ్రీవాణి మహిపాల్ ఫోటో నా దగ్గరికే తెచ్చింది. నేను మంచి టేకు ఫ్రేము కట్టిచ్చాను. జోగులమ్మ దాన్ని గచ్చు మీద కొట్టింది. "బతికున్నోనికి దండేస్తవా?" అని కోడలి జుట్టు పట్టుకుంది. అటక మీది పురుగుల మందు డబ్బా దించి, నువ్వు గడప దాటితే ఇది తాగుతానంది. మర్నాడు శ్రీవాణి అద్దం పెంకులు గుచ్చుకున్న అరచేతికి గుడ్డ కట్టుకుని మా దుకాణానికి వచ్చేసరికి సారు స్టూలు మీద ఉన్నాడు.

"సారూ, పెట్టెల ఏమున్నదో ఆమెకు మీరే చెప్పాలె. వేరేటోళ్లు చెప్తే ఇనదు."

"తల్లికి గా మాట ఎట్ల చెప్పాలె బిడ్డా?"

"నాకు ముప్పై ఒకటి నడుస్తున్నది. ఉగాది దాటితే వాళ్లు ఆగరు. మీకు చెప్పరాకుంటే నేను గీడనే ఉండి గిట్లనే సావాలె."

సారు తన వేళ్లకంటిన రంగు చూసుకున్నాడు. "నోట చెప్పలేను. గీసి చూపిస్త" అన్నాడు.

మీ బొమ్మలతో ఏమవుతుందని నేను తిట్టాను. ఆయన వినలేదు. ఇరవై రోజులు గది తలుపులు తీయలేదు. తెచ్చిన బొమ్మ చూసి నేను మళ్లీ నోరెత్తలేదు. ఓడ దగ్గరగా ఉంది. ఇనుప గోడ లోపలి నుంచి ఎర్రగా కాలుతోంది. గొట్టాలతో నీళ్లు కొడుతున్న మనుషులు, తెరవలేక ఆగిపోయిన తలుపు. ఆ తలుపు వెనక ఏముందో చిన్నపిల్లలకైనా అర్థమవుతుంది. నాకు ఏడుపొచ్చింది. దుకాణంలో గిరాకీ ఉండగా ఏడ్చాను.

అక్కడితో ఊరుకుంటే నేను భానుప్రకాశ్‌ను ఎందుకవుతాను. ఫ్రేముకు కొలత పెడుతూ, ముప్పై ఏళ్ల అలవాటు కొద్దీ అన్నాను: "సారూ, ఎడమదిక్కు నీళ్లు బోసిగున్నయి. కన్ను ఆడ ఆగుతలేదు. జర ఒక ఎర్ర సుక్క పెట్టుండ్రి." పటాల్లో ఎక్కడ ఖాళీ ఉన్నా మేం ఎర్ర పువ్వు పెట్టిస్తాం. అలాగైతేనే గిరాకీకి నచ్చుతుంది.

ఆయన దూరం జరిగి చూశాడు. నిజమేనన్నాడు. సన్న కుంచె తీసి నీళ్ల మీద చిన్న ఎర్ర చక్రం పెట్టాడు. అదేమిటంటే, నీళ్లలో పడినవాళ్లకు విసిరే తేలుడు చక్రమని చెప్పాడు.

"ఆనాడు ఇసిరిన్రా?"

"లేదు. నీళ్లల్ల ఎవ్వరు పడలే."

"మరి?"

"బొమ్మ నిండింది" అన్నాడు. మేమిద్దరం దాన్ని చూసి సంతోషపడ్డాం. ఆ సంతోషం తలుచుకుంటే ఇప్పటికీ నన్ను నేనే చెంపలు వాయించుకోవాలనిపిస్తుంది.

బొమ్మను నేనే ఆటోలో పట్టుకెళ్లాను. జోగులమ్మ వాకిట్లో దాన్ని గోడకు ఆనించాం. శ్రీవాణి తలుపు పక్కన నిలబడింది. జోగులమ్మ గొంతుక్కూర్చుని వేలితో మెల్లగా తడిమింది. మంటను తడిమింది, మనుషుల్ని తడిమింది, తలుపు దగ్గర వేలు వెనక్కి తీసుకుంది. కళ్లలో నీళ్లు తిరిగాయి. అయిపోయింది, ఈ పిల్ల బయటపడింది అనుకున్నాను. ఆమె ఆ తలుపు వైపు చూడలేక ముఖం పక్కకు తిప్పింది. కన్ను ఎర్ర చక్రం మీద ఆగింది.

"గిదేంది సారూ?"

చెప్పాడు. ఉన్నదున్నట్టు చెప్పాడు.

"అంటె నీళ్లల్లకు దుంకిన్రు."

"లేదక్కా, ఎవ్వరు దుంకలే. అది బొమ్మ కోసం ఉత్తగనే..."

"ఉత్తగనే ఎందుకు పెడ్తవ్? నువ్వు లేనిది గీస్తవా?" జోగులమ్మ లేచి నిలబడింది. ముఖం వెలిగిపోతోంది. "నా కొడుకు కృష్ణల ఈత నేర్చినోడు. నువ్వు నోట చెప్పలేక బొమ్మల పెట్టినవ్. నాకు తెల్సు. ఏ దేశంల తేలిండో."

ఆయన బతిమాలాడు, వద్దన్నాడు, మోకాళ్ల మీద కూర్చున్నాడు. ఎంత కాదంటే ఆమె అంత గట్టిగా నమ్మింది. ఆ బొమ్మను నడి ఇంట్లో తగిలించింది. ఓడ మీదున్న ఆఫీసరే గీసిచ్చాడని వీధి వీధంతా పిలిచి ఎర్ర చక్రం చూపించింది. మాట్లాడ్డానికి వనపర్తి నుంచి వచ్చిన చంద్రశేఖర్ తల్లికి కూడా చూపించింది. ఆవిడ చూసి, చాయ తాగకుండానే వెళ్లిపోయింది. శ్రీవాణి ఆ రోజు ఏడవలేదు. చేలో మొగ్గలు గిల్లే వేళయిందని వెళ్లిపోయింది.

సారు ఆ వారమే గదికి తాళం వేసి లింగాలకు పారిపోయాడు. పారిపోయాడనే అంటాను. ఉగాది దాటింది. ఎండాకాలంలో చంద్రశేఖర్ నాగర్‌కర్నూల్ పిల్లను చేసుకున్నాడు. ఆ కబురు శ్రీవాణే నాకు చెప్పింది, సబ్బు కొనడానికి పోతూ, దారిలో ఆగి. నేను సారుకు ఫోన్ చేసి నోటికొచ్చినట్టు తిట్టాను. మీరు బొమ్మలు గీసుకుంటూ కూర్చోండి, ఇక్కడ ఈ పిల్లను చేసుకుంటానన్నవాడు ఇంకొకరిని చేసుకున్నాడు అన్నాను. మర్నాడు పొద్దుటి బస్సుకు దిగాడు. నేరుగా జోగులమ్మ ఇంటికే నడిచాడు. నేను దుకాణం వదిలేసి వెంట పోయాను.

ఆయన ఎవరినీ అడగకుండా గడప దాటాడు. జోగులమ్మ బిత్తరపోయి చూస్తోంది. మూలన పత్తిగింజల రాశి ఉంది. ఖాళీ సంచి తీసుకుని దోసిళ్లతో గింజలు నింపాడు. చేత్తో ఎత్తి చూశాడు, ఇంకో రెండు దోసిళ్లు పోశాడు, మూతి కట్టి తెచ్చి ఆమె ఒళ్లో పెట్టాడు.

"పెట్టె బరువు పోను గింతే అక్కా."

ఆమె నమ్మేదేమో, నమ్మకపోయేదేమో నాకు తెలియదు. కానీ చేతులు అలవాటు కొద్దీ సంచి కిందికి పోయాయి. ఇరవై ఏళ్లు ఎత్తిన చేతులు. ఒకసారి పైకి లేపి దించింది.

"పదకొండు కిలోలు" అంది. సంచిని తడుముతూ, "మొకం?" అంది.

"లేకుండె."

ఇసుక సంగతి కూడా చెప్పేశాడు. మూటలు పెడతామంటే తనే వద్దన్నానని, అబద్ధమవుతుందని వద్దన్నానని. ఎవరడిగారు ఆయన్ని? జోగులమ్మ సంచిని గుండెకు ఆనించుకుని ఆయన్ని చూసింది.

"పెట్టాల్సుండె" అంది. "పెడితే నా కొడుకు ఆనాడే సచ్చిపోతుండె. నేను ఏడుస్తుంటి. గీ పిల్లను గిట్ల తొక్కిపెట్టకుంటి. నీ నిజం నాకెందుకయ్యా?"

తొమ్మిదేళ్ల తర్వాత మహిపాల్‌కు దినాలు పెట్టారు. పదో రోజు బీచుపల్లి దగ్గర కృష్ణ ఒడ్డున చుట్టాల ఆడవాళ్లు శ్రీవాణిని నడుమ కూర్చోబెట్టి గాజులు రాయికేసి పగలగొట్టారు, బొట్టు తుడిచారు, మెట్టెలు లాగారు. నిన్ననే మొగుడు పోయినట్టు గట్టిగా ఏడుస్తూ చేశారు. మణికట్టు దగ్గర నెత్తురొస్తే పసుపు అద్దారు. ఎవరూ తొందరపడలేదు, ఒక్క గాజూ వదిలిపెట్టలేదు.

అంతా అయ్యాక జోగులమ్మ కోడలి రెండు చేతులూ పట్టుకుంది. "ఇగ నాకు నువ్వే కొడుకువు బిడ్డా. నన్నిడిసి యాడికి పోకు" అంది. చుట్టాలందరూ కళ్లొత్తుకున్నారు, ఎంత మంచి అత్త అన్నారు. శ్రీవాణి ఆ వేళ్లను ఒక్కొక్కటే విడదీసుకుంది.

వారం తర్వాత సంచి సర్దుకుని బస్టాండుకు వచ్చింది. కల్వకుర్తిలో ఆడపిల్లల హాస్టల్లో వంటపని దొరికిందంది. అక్కడ ఆమెకు ఎవరూ లేరు. అత్త ఈసారి మందు డబ్బా దించలేదు, ఇంట్లోంచి బయటికి కూడా రాలేదు. బస్సు ఎక్కించడానికి నేనూ దానియేలు సారూ పోయాం. ఆయన రంగులు, కుంచెలు అన్నీ లింగాలలో ఎవరికో ఇచ్చేశానని దారిలో చెప్పాడు.

శ్రీవాణి కిటికీ దగ్గర కూర్చుంది. చేతులు బోసిగా ఉన్నాయి, మణికట్టు మీద గాయాలింకా మానలేదు. ఆమెకు ఆయన మీద కోపం ఉన్నట్టు లేదు. ఏదో లెక్క తేలక అడిగినట్టు అడిగింది.

"సారూ, నాకొక్కటి తెల్వాలె. ఆ ఎర్ర సుక్క ఎందుకు పెట్టిన్రు? అది లేకుంటే ఆమె తలుపునే చూసేది."

సారు నా వైపు చూడలేదు. కిటికీ ఊచ పట్టుకుని, ఆమె కళ్లలోకి చూస్తూ చెప్పాడు.

"నాకే తోచి పెట్టిన బిడ్డా. ఎవ్వరు చెప్పలే."

ఆమె తలూపింది. నాకేసి తిరిగి, ఉంట అన్నా, నువ్వు నాకోసం శానా తిరిగినవ్ అంది. బస్సు కదిలింది.

అరవై ఏళ్ల బతుకులో ఆ మనిషి నోటితో అబద్ధమాడగా నేను విన్నది అదొక్కటే. ఒక తల్లికి ఇవ్వనన్న అబద్ధాన్ని, ఒక పిల్లను నిలబెట్టడానికి కూడా ఇవ్వలేకపోయిన అబద్ధాన్ని, చివరికి నా తప్పు కప్పడానికి నాకిచ్చాడు. నేను దాన్ని తీసుకున్నాను. బస్సు మలుపు తిరిగేదాకా నోరు మూసుకుని నిలబడ్డాను.